గుమ్మం దాటాక ఏ తుపాకీ? సబ్‌మెషిన్ గన్, పొట్టి కార్బైన్‌ల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో యూనిఫాం వేసుకునేవాళ్లూ ఉన్నారు, విషయం మీద ఆసక్తితో వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ అర్థమయ్యేలా మాట్లాడతాను. మన ముందున్న ప్రశ్న ఇది: పది అడుగుల గదిలోకో, మెట్ల మీదికో, బస్సు లోపలికో వెళ్లాల్సి వచ్చిన పోలీసు చేతిలో పిస్టల్ తూటా కాల్చే సబ్‌మెషిన్ గన్ ఉండాలా, రైఫిల్ తూటా కాల్చే పొట్టి కార్బైన్ ఉండాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇవాళ కొత్తగా కొనేట్టయితే కార్బైనే కొనాలి. కానీ తుపాకీ కంటే ముందు తూటా ఎంచుకోవాలి. ఆ తూటాను అమెరికా ఇళ్ల గోడల మీద కాకుండా మన గోడల మీద, మన తలుపుల మీద, మన రేకుల మీద కాల్చి చూసి ఎంచుకోవాలి. ఇది చేయకుండా కేటలాగ్ చూసి కొంటే కార్బైన్ కూడా ప్రమాదమే. మిగతా ప్రసంగమంతా దీనికి కారణాలు.

ఒక్క మాట స్పష్టం చేసుకుని ముందుకెళ్దాం. మన స్టేషన్లలో ‘కార్బైన్’ అనగానే గుర్తొచ్చేది 9 ఎంఎం స్టెర్లింగ్. అది నిజానికి సబ్‌మెషిన్ గన్నే. ఇక్కడ నేను కార్బైన్ అన్నప్పుడల్లా 5.56×45 (తూటా మందం, గుల్ల పొడవు మిల్లీమీటర్లలో) లాంటి రైఫిల్ తూటా కాల్చే పొట్టి తుపాకీ అని అర్థం చేసుకోండి. స్టెర్లింగ్‌ను స్టెర్లింగ్ అనే అంటాను.

అసలు సబ్‌మెషిన్ గన్‌కి ఇంత పేరు ఎలా వచ్చింది? 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారులను బందీలుగా పట్టుకున్నప్పుడు జర్మన్ పోలీసులు వాళ్లను కాపాడలేకపోయారు. ఆ వైఫల్యంలోంచే అదే ఏడాది జీఎస్‌జీ 9 అనే జర్మన్ పోలీసు కమాండో దళం పుట్టింది. 1977 అక్టోబర్ 18న సోమాలియాలోని మొగదిషు విమానాశ్రయంలో, హైజాక్ అయిన లుఫ్తాన్సా విమానంలోకి వాళ్లే చొరబడి 86 మంది ప్రయాణికులను బయటికి తెచ్చారు. తర్వాత 1980 మే 5న, సాయుధులు బందీలను పట్టుకుని కూర్చున్న లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం. నల్ల దుస్తులు, ముఖానికి గ్యాస్ మాస్కులు, చేతిలో హెక్లర్ అండ్ కోఖ్ వాళ్ల ఎంపీ5. బ్రిటన్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ కమాండోలు బాల్కనీ మీంచి లోపలికి దూకడాన్ని బ్రిటన్ అంతా టీవీలో ప్రత్యక్షంగా చూసింది. ఆ తర్వాత ప్రపంచంలో ఏ పోలీసు దళం కమాండో బృందం పెట్టుకున్నా మొదట అడిగింది ఎంపీ5నే. మన ఎన్‌ఎస్‌జీ కూడా దాన్నే పట్టుకుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. అంతకు ముందున్న సబ్‌మెషిన్ గన్‌లలో ఎక్కువ శాతం ఓపెన్ బోల్ట్ రకం. మన స్టెర్లింగ్ కూడా అంతే. ట్రిగ్గర్ నొక్కితే వెనక ఆగి ఉన్న బరువైన లోహపు దిమ్మ, అంటే బోల్ట్, ముందుకు దూసుకొచ్చి తూటాను తోసి పేలుస్తుంది. ఆ బరువు కదిలే క్షణంలో గురి కూడా కదులుతుంది. పైగా సేఫ్టీ పెట్టకుండా మ్యాగజైన్ ఎక్కించి ఉంచిన ఓపెన్ బోల్ట్ తుపాకీ గట్టిగా కింద పడితే, ఆ అదురుకి బోల్ట్ వెనక్కి జరిగి తిరిగి ముందుకొచ్చి తూటా పేల్చే ప్రమాదం ఉంది. దానికి తోడు స్టెర్లింగ్ మ్యాగజైన్ ఎడమ పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఇరుకు గుమ్మంలో అది చౌకట్టుకు తగులుతుంది. ఎంపీ5 అలా కాదు, అది క్లోజ్డ్ బోల్ట్ రకం. ట్రిగ్గర్ నొక్కేటప్పటికే బోల్ట్ మూసుకుని, తూటా ఛాంబర్‌లో కూర్చుని ఉంటుంది. రోలర్ల సాయంతో బోల్ట్ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందుకే మొదటి తూటా ఎక్కడ గురి పెడితే అక్కడికే వెళ్తుంది. బందీ తల పక్కన దుండగుడి తల ఉన్నప్పుడు ఆ మొదటి తూటాయే అన్నీ. లండన్ సాయుధ పోలీసులు దశాబ్దాల పాటు మోసిన ఎంపీ5లు వరసగా తూటాలు కాల్చే బర్స్ట్ లేనివి, ఒక్క నొక్కుకు ఒక్క తూటా మాత్రమే కాల్చేవి. ఇది గుర్తుంచుకోండి. సబ్‌మెషిన్ గన్ అంటే దడదడా కాల్చే తుపాకీ అనే ఊహ ఇంకా చాలామందిలో ఉంది. పోలీసు పనిలో దాని అసలు విలువ గురిలో ఉంది.

అంత మంచి తుపాకీని ప్రపంచం ఎందుకు పక్కన పెట్టడం మొదలుపెట్టింది?

1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో ఇద్దరు దొంగలు బ్యాంకు దోచుకుని బయటికొచ్చారు. ఒంటి నిండా బులెట్ ప్రూఫ్ కవచం, చేతిలో ఏకే రకం రైఫిళ్లు. చుట్టుముట్టిన పోలీసుల దగ్గర 9 ఎంఎం పిస్టళ్లు, రివాల్వర్లు, షాట్‌గన్‌లు ఉన్నాయి. తూటాలు తగులుతూనే ఉన్నాయి, దొంగలు నడుస్తూనే ఉన్నారు. సుమారు 44 నిమిషాలు నడిరోడ్డు మీద ఇదే. పోలీసులు పక్కనే ఉన్న తుపాకుల దుకాణానికి పరుగెత్తి రైఫిళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. చివరికి స్వాట్ అనే ప్రత్యేక సాయుధ పోలీసు బృందం వచ్చి, రెండో దొంగ కారు వెనక దాక్కుంటే, కారు కింది ఖాళీలోంచి కవచం లేని అతని కాళ్ల మీద రైఫిళ్లతో కాల్చింది. ఆ తర్వాత అమెరికా సైన్యం తన మిగులు ఎం16 రైఫిళ్లలో 600 ఆ నగర పోలీసులకు ఇచ్చింది. రెండేళ్లకే, 1999 ఏప్రిల్‌లో, కొలంబైన్ బడి కాల్పులు జరిగాయి. స్వాట్ వచ్చేదాకా బయట కాపలా కాయడం అనే పాత పద్ధతి అక్కడితో పోయింది. మొదట చేరిన కానిస్టేబులే లోపలికి వెళ్లాలి అన్నప్పుడు, అతని కారులో ఏముందన్నదే ప్రశ్న అయింది.

మనకు ఆ ప్రశ్న 2008 నవంబర్ 26 రాత్రి ముంబైలో ఎదురైంది. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ఏకేలు పట్టుకున్న ఇద్దరి ముందు మన పోలీసుల చేతిలో ఉన్నవి లాఠీలు, పాత .303 రైఫిళ్లు. కొందరికి అవి కూడా లేవు. గిర్గావ్ చౌపాటీ దగ్గర ఏఎస్సై తుకారాం ఓంబ్లే చేతిలో లాఠీ తప్ప ఏమీ లేదు. ఆయన కసబ్ ఏకే బ్యారెల్‌ను రెండు చేతులతో పట్టుకుని, తూటాలన్నీ తన ఒంట్లో దింపుకుంటూ కూడా వదల్లేదు. కసబ్ ప్రాణాలతో దొరికింది అందుకే. ఆయన ధైర్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆ ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటే ఆయనకు మనం న్యాయం చేసినట్టు కాదు. మనిషి ఒంటితో ఆపాల్సిన తూటాలు అవి కావు.

ఇంకో మాట. ఆ రాత్రి దాడి చేసినవాళ్లు బులెట్ ప్రూఫ్ కవచాలు వేసుకోలేదు. కాబట్టి కార్బైన్ కావాలనడానికి కవచం ఒక్కటే కారణం కాదు. రైల్వే స్టేషన్ హాలు పొడవు, హోటల్ కారిడార్ పొడవు కూడా కారణాలే. గది పది అడుగులే. ఆ గదికి చేరే దారి మాత్రం పది అడుగులు కాదు. 9 ఎంఎంతో 50 మీటర్ల వరకు శిక్షణ ఉన్నవాడు బాగానే కొడతాడు. 100 దాటితే తూటా కిందికి జారిపోతుంటుంది. ఏకే పట్టుకున్న వాడికి ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 9 ఎంఎం తూటా బరువు 8 గ్రాములు. ఎంపీ5 బ్యారెల్ నుంచి సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో వస్తుంది. శక్తి సుమారు 640 జౌల్స్. 5.56 తూటా బరువు అందులో సగం, 4 గ్రాములు. అమెరికా సైన్యపు కార్బైన్ ఎం4 బ్యారెల్ 14.5 అంగుళాలు. దాని నుంచి సుమారు 880 మీటర్ల వేగం, 1,500 జౌల్స్ పైన శక్తి. మెత్తటి కెవ్లార్ రకం జాకెట్ మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని ఆపదు. రైఫిల్ తూటాను ఆపాలంటే జాకెట్‌లో గట్టి ప్లేటు పెట్టాల్సిందే.

బరువు, పొడవు సంగతి? చాలామంది సబ్‌మెషిన్ గన్ తేలిక అనుకుంటారు. తూటాలు లేకుండా తూస్తే ఎంపీ5, ఎం4 రెండూ మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ. బట్ తెరిచి భుజానికి ఆనించినప్పుడు ఎంపీ5 పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, ఎం4 సుమారు 84. అంటే తేడా జానెడు కూడా లేదు. పది అంగుళాల బ్యారెల్ ఉన్న కార్బైన్ తీసుకుంటే ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది.

అయితే పొట్టి చేసినదానికి మూల్యం ఉంది. అమ్మేవాళ్లు ఈ సంగతి గట్టిగా చెప్పరు. 5.56 తూటా సన్నది. అది శరీరంలో పని చేసేది వేగం వల్లే. బ్యారెల్ పది అంగుళాలకు తగ్గితే వేగం 780 మీటర్ల దగ్గరికి, శక్తి 1,200 జౌల్స్ దగ్గరికి పడిపోతుంది. సాధారణ సైనిక తూటా ఒంట్లో ముక్కలవ్వాలంటే కావాల్సిన వేగం ఇంచుమించు అక్కడే ఉంటుంది. అంటే గది లోపల సరిపోతుంది, కాస్త దూరం వెళ్లేసరికి అదే తూటా సూదిలా దూరి వెళ్లిపోవచ్చు. పూర్తిగా మండని మందు బ్యారెల్ బయట మండుతుంది. పెద్ద మంట, పెద్ద చప్పుడు. తుపాకీ చప్పుడు ఏదైనా చెవికి హాని చేసే 140 డెసిబెల్స్ హద్దును దాటుతుంది. మూసిన గదిలో పొట్టి 5.56 చప్పుడు 9 ఎంఎం కంటే చాలా దారుణం. చెవి రక్షణ లేకుండా ఒక్క రౌండ్ పేలితే, ఆ తర్వాత పక్కవాడు అరిచి చెప్పే మాట వినపడదు. బృందంలో మాట వినపడకపోతే మనవాళ్ల తూటా మనవాళ్లకే తగిలే ప్రమాదం ఉంది. కాబట్టి కార్బైన్ కొంటే దానితో పాటు బ్యారెల్‌కు తగిలించే, చప్పుడు తగ్గించే సప్రెసర్, శబ్దాన్ని అడ్డుకుంటూ మాటను వినిపించే హెడ్‌సెట్ కూడా కొనాలి. వాటికి డబ్బు లేదంటే కార్బైన్‌కు కూడా డబ్బు లేనట్టే లెక్క.

ఇక గోడలు. నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే. రైఫిల్ తూటా గోడ దాటి పక్కింట్లో పిల్లలకు తగులుతుంది, 9 ఎంఎం అయితే భయం లేదు అని మనవాళ్లు చాలామంది నమ్ముతారు. అమెరికాలో 1990లలో జిప్సం బోర్డు గోడల మీద కాల్చి చూసినప్పుడు ఇందుకు తిరగబడ్డ ఫలితం వచ్చింది. తేలికైన, వేగమైన 5.56 తూటా బోర్డుకు తగలగానే తిరగబడి ముక్కలైపోతుంటే, బరువైన నిదానమైన పిస్టల్ తూటా ఒక గోడ తర్వాత ఇంకో గోడ దాటుకుంటూ పోయింది. అక్కడి పోలీసు శాఖలు కార్బైన్ వైపు ధైర్యంగా మళ్లడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చి, ‘చూశారా, కార్బైన్ సురక్షితం’ అనే వాళ్లు తయారయ్యారు. అది తప్పు. మొదటిది, మన ఇళ్లకు జిప్సం గోడలు తక్కువ. మనవి తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో నాలుగున్నర అంగుళాల పార్టిషన్లు, అపార్ట్‌మెంట్లలో కాంక్రీట్, బోలు సిమెంటు ఇటుకలు. బస్తీల్లో రేకులు, ప్లైవుడ్. రేకు, ప్లైవుడ్ ఏ తూటానూ ఆపవు. గట్టి గోడకు ఏటవాలుగా తగిలిన తూటా ఆగదు, గోడను అంటిపెట్టుకుని జారుతూ పోతుంది. అందుకే గోడకు ఆనుకుని నిలబడొద్దని చెప్తారు. రెండోది, ఆ పరీక్షల్లో తేలిక తూటాలు వాడారు. మన దగ్గర దేశీయ రైఫిల్ ఇన్సాస్‌కు వచ్చే 5.56 తూటాలో ముందు భాగంలో ఉక్కు మొన ఉంటుంది. అది దూరంలో హెల్మెట్ ఛేదించడానికి చేసినది, పడకగది కోసం చేసినది కాదు. ఇటు 9 ఎంఎం సైనిక తూటా సంగతి చూసినా, అది శరీరంలో విచ్చుకోకుండా నేరుగా దూసుకుపోయి వెనకున్నవాడిని చేరుతుంది. యుద్ధంలో విచ్చుకునే తూటాలను 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. అప్పట్లో ఆ తూటాలకు మారుపేరైన డమ్‌డమ్ మన కోల్‌కతా పక్కనున్న ఊరే. కానీ ఆ నిషేధం యుద్ధానికి. జనం మధ్య పని చేసే పోలీసులకు చాలా దేశాలు విచ్చుకునే తూటాలే ఇస్తాయి, ఎందుకంటే అవి తగిలిన మనిషిలోనే ఆగే అవకాశం ఎక్కువ. మనం సైన్యం తూటాను పోలీసు చేతిలో పెట్టి, గోడ అవతలి మనిషికి ఏమవుతుందో అని చర్చిస్తున్నాం. ముందు తూటా మార్చాలి.

2017 జూన్ 3 రాత్రి లండన్ బ్రిడ్జి దాడిలో ఎనిమిది మంది పోలీసులు 46 రౌండ్లు కాల్చి ముగ్గురు దుండగులను ఆపారు. మొదటి ఫోన్ కాల్ నుంచి ఎనిమిది నిమిషాల్లో పని అయిపోయింది. ప్రపంచంలో అతి గొప్ప శిక్షణ ఉన్న సాయుధ పోలీసుల్లో వాళ్లొకరు. అయినా ఆ తూటాల్లో ఒకటి అటుగా ఉన్న ఒక పౌరుడికి తగిలింది, అదృష్టవశాత్తు ప్రాణం నిలిచింది. ఏ తుపాకీ పట్టుకున్నా తూటా గురి తప్పితే ఎక్కడికి వెళ్తుందన్న ఆలోచన మొదటి రోజు నుంచే ఉండాలని చెప్పడానికి ఇది గుర్తుచేస్తున్నాను.

శిక్షణలో అందరూ ఎదుర్కొనే ఒక చిన్న సంగతి చెప్తాను. ఈ కార్బైన్ల మీద గురి చూసే సైట్ బ్యారెల్‌కు ఆరు సెంటీమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. నాలుగైదు మీటర్ల దూరంలో నుదుటికి గురి పెడితే తూటా దాదాపు అంతే కిందికి తగులుతుంది. మైదానంలో వంద మీటర్ల టార్గెట్ మీద ప్రాక్టీస్ చేసినవాడికి ఇది తెలియదు. బందీ ముఖం పక్కన ఆరు సెంటీమీటర్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పొట్టి దూరాల్లో వందల రౌండ్లు కాలిస్తేనే చేతికి ఇది తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి జరిగే ఫైరింగ్‌లో రాదు.

సబ్‌మెషిన్ గన్‌కు ఇక చోటు లేదా? ఉంది. చప్పుడు లేకుండా పని జరగాల్సిన చోట ఉంది. ఎంపీ5ఎస్‌డీ అనే రకంలో బ్యారెల్‌కే రంధ్రాలుంటాయి. వాటిలోంచి వాయువు తప్పించుకుని తూటా వేగం ధ్వని వేగం కంటే తగ్గుతుంది. సెకనుకు 340 మీటర్ల లోపు ఉంటే గాల్లో ఆ ఫట్‌మనే చప్పుడు రాదు. కోటు కింద దాచుకుని తిరగాల్సిన వీఐపీ భద్రతలో, కారు లోపల కూర్చునేవాడికి కూడా అది సరిపోతుంది. మధ్యలో ఇంకో రకం వచ్చింది. బెల్జియం పీ90, జర్మనీ ఎంపీ7. వీటి చిన్న వేగమైన తూటాలు మెత్తటి జాకెట్‌ను దాటగలవు. 1997 ఏప్రిల్ 22న లిమాలో జపాన్ రాయబారి నివాసం నుంచి బందీలను విడిపించిన పెరూ కమాండోలు పీ90 వాడారు. కానీ వాటి తూటా ఖరీదు, దొరకడం రెండూ కష్టమే. 2011లో ప్రమాణంగా నమోదైన .300 బ్లాక్‌అవుట్ తూటాను పొట్టి బ్యారెల్ కోసమే రూపొందించారు. తొమ్మిది అంగుళాల్లోనే దాని మందు దాదాపు మండిపోతుంది. సాంకేతికంగా నాకు బాగా నచ్చిన తూటా అదే. అయితే మన సరఫరా గొలుసులో అది ఎక్కడుంది అని అడగాల్సి ఉంటుంది.

మొగ్గు ఎటుందో చూడాలంటే ఎంపీ5 పుట్టిన దేశాన్నే చూడండి. 2015 పారిస్ దాడుల తర్వాతి ఏళ్లలో బెర్లిన్, హాంబుర్గ్ పోలీసులు 5.56 కార్బైన్లు కొన్నారు. ఫ్రాన్స్‌లో గస్తీ బృందాలకు 5.56 కాల్చే జీ36 రైఫిళ్లు ఇచ్చారు. లండన్ సాయుధ పోలీసులు కూడా అటే మళ్లారు.

మన రాష్ట్రాల సంగతి. గ్రేహౌండ్స్ 1989లో అడవి కోసం పుట్టింది. ఆక్టోపస్ ఉమ్మడి రాష్ట్రంలో 2007లో పట్టణాల ఉగ్రవాదాన్ని దృష్టిలో పెట్టుకుని వచ్చింది. ఇవి మంచి దళాలే. కానీ 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్నది ఏ కమాండో దళమూ కాదు, మామూలు స్టేషన్ సిబ్బంది. దుండగుల కాల్పుల్లో ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే ప్రాణాలు కోల్పోయారు. మూడు రోజుల తర్వాత జానకీపురం దగ్గర అదే దుండగులతో జరిగిన కాల్పుల్లో మరో కానిస్టేబుల్, ఆ గాయాలతో తర్వాత ఒక ఎస్సై చనిపోయారు. అటువంటి రాత్రి ముందుగా వెళ్లేది వీళ్లే. ఆలోచన వీళ్ల దగ్గర నుంచి మొదలవ్వాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: హైదరాబాద్‌లో తయారవుతున్న అస్మి, కాన్పూర్‌లో తయారయ్యే జేవీపీసీ తుపాకులు ఉండగా విదేశీ కార్బైన్లు ఎందుకండీ?)

విదేశీ కొనాలని నేను అనలేదండీ. అస్మి గర్వపడాల్సిన తుపాకీ. మన సైన్యాధికారి, పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల కలిసి రూపొందిస్తే, మన హైదరాబాద్ లోకేష్ మెషీన్స్ తయారు చేస్తోంది. సైన్యం ఉత్తర కమాండ్ 550 తీసుకుంది. కానీ అది 9 ఎంఎం. ఇందాక సబ్‌మెషిన్ గన్‌కు చోటుంది అన్నాను కదా, ఆ చోట్లలో స్టెర్లింగ్ తీసేసి అస్మి పెట్టండి, ఎంతో మేలు. క్లోజ్డ్ బోల్ట్‌కు, ఓపెన్ బోల్ట్‌కు ఉన్న తేడా మన సిబ్బందికి చేతిలోనే తెలుస్తుంది. జేవీపీసీ తూటా 5.56×30, అంటే పొట్టి గుల్ల. సీఆర్‌పీఎఫ్ వాడుతోంది. మెత్తటి జాకెట్ విషయంలో 9 ఎంఎం కంటే మెరుగు. అయితే దాని తూటా ఇన్సాస్‌లోకి రాదు, ఇన్సాస్ తూటా దానిలోకి రాదు. జిల్లాలో రెండు రకాల తూటాలు నిల్వ పెట్టి, రెండింటి మీదా శిక్షణ ఇవ్వగలమా అన్నది ఆలోచించుకోవాలి. 5.56×45 కార్బైన్లు కూడా దేశంలోనే తయారవుతున్నాయి.

(ప్రశ్న: జిల్లా స్టేషన్‌కు రెండే తుపాకులు కొనే డబ్బుంటే ఏం చేయమంటారు?)

రెండూ ఒకే రకం కార్బైన్ కొనండి. ఒకటి చెడిపోతే దాని మ్యాగజైన్లు రెండోదానికి పనికొస్తాయి. బ్యారెల్ మరీ పొట్టిది వద్దు, పదకొండు అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. తుపాకీ మీద టార్చి ఉండాలి, ఎందుకంటే చీకట్లో ఎదుటివాడి చేతిలో ఉన్నది సెల్‌ఫోనా తుపాకీయా తెలియకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు. దాన్ని మాల్‌ఖానాలో తాళం వేసి పెట్టొద్దు. రాత్రి గస్తీకి వెళ్లే జీపులో తాళం ఉన్న ర్యాక్‌లో పెట్టండి, తాళంచెవి ఆ డ్యూటీ అధికారి దగ్గరే ఉండాలి. టెండర్ రాసేటప్పుడే తూటాల సంఖ్య కూడా రాయించండి. ఆపరేషన్ తూటాలు వేరు, ప్రాక్టీస్ తూటాలు వేరు, నెల నెలా ఎన్ని కాల్చాలో వేరు కాలమ్. తర్వాత అడిగితే వస్తాయి అనుకోకండి, రావు. తుపాకీ వచ్చిన మొదటి నెలలో పాత క్వార్టర్స్ ఏవైనా కూల్చేసేవి ఉంటే పై అధికారుల అనుమతి తీసుకుని, జనాన్ని దూరం పెట్టి, ఆ గోడల మీద, ఆ తలుపుల మీద మీరు వాడబోయే తూటానే కాల్చి చూడండి. అవతలి వైపు అట్ట పెట్టి రంధ్రాలు లెక్కపెట్టండి. స్టేషన్‌లో ఉన్న ప్రతి కానిస్టేబుల్‌నీ తీసుకెళ్లి ఆ అట్ట చూపించండి.